టేకు పెట్టెల పని: అపోహలు - వాస్తవాలు

మాది సిరొంచ. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటు, ఏటికి అవతల కాళేశ్వరం. కాగితాల మీద మహారాష్ట్ర, ఇంట్లో తెలుగు, సా మిల్లులో మరాఠీ. టేకును సగం సార్లు సాగ్వాన్ అనే అంటాం. 2023లో అయోధ్య రామమందిరానికి టేకు వెళ్లింది మా పక్క జిల్లాలోని బల్లార్షా నుంచే. ఇంటి వెనక రేకుల షెడ్డులో నగల పెట్టెలు, పసుపు కుంకుమల పెట్టెలు చేస్తుంటాను. నేర్చుకుంటామని వచ్చే పిల్లలు మొదట అడిగేవి దాదాపు ఒకటే రకం మాటలు. అవన్నీ ఒకచోట రాస్తే కొందరికైనా కర్ర, డబ్బు మిగులుతాయని ఇది రాస్తున్నాను.

అపోహ: హార్డ్‌వుడ్ అంటే గట్టి కర్ర.

కాదు. వెడల్పాకుల చెట్ల కర్రను హార్డ్‌వుడ్ అంటారు, దేవదారు, పైన్ లాంటి వాటిది సాఫ్ట్‌వుడ్. బూరుగు చెక్కలో గోరు దిగుతుంది, అయినా లెక్కకు అది హార్డ్‌వుడ్డే. టేకు కూడా మరీ గట్టిదేం కాదు. నల్లతుమ్మ, చండ్ర దానికంటే చాలా గట్టివి. పెట్టెకు టేకు మంచిదనేది గట్టితనం వల్ల కాదు, తక్కువ వంకర పోతుంది కాబట్టి.

అపోహ: టేకు ఒకసారి ఎండితే ఇక కదలదు.

ఈ నమ్మకం వల్ల పాడైనన్ని పెట్టెలు ఇంకే తప్పు వల్లా పాడవడం నేను చూడలేదు. నేను చేసిన మూడో పెట్టె మా మేనకోడలి పెళ్లికి. ఏప్రిల్ చివర్లో చేశాను. మూత పలకను నాలుగు పక్కల పట్టీలకు ఫెవికాల్ పెట్టి గట్టిగా బిగించాను. చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు. ఆగస్టులో ఫోన్ వచ్చింది. "మామా, పెట్టె మూత రావట్లేదు, మూల కూడా విచ్చుకుంది." వెళ్లి చూస్తే మూత పట్టీల మూలల్లో గోరు దూరేంత సందు. పలక ఉబ్బి పట్టీలను బయటికి తోసేసింది.

కర్ర పొడవులో దాదాపు కదలదు, వెడల్పులోనే కదులుతుంది. పచ్చి దుంగ పూర్తిగా ఎండేసరికి టేకు, పలక కోసిన తీరును బట్టి, వెడల్పులో రెండున్నర నుంచి అయిదున్నర శాతం దాకా కుంచించుకుంటుంది. ఎండిన తర్వాత కూడా గాలిలో తేమను బట్టి ఆ రాకపోకలు ఆగవు. మా దగ్గర మే నెల ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, జూలైకి గోడలు కూడా చెమ్మగిల్లుతాయి. 200 మిల్లీమీటర్ల వెడల్పున్న మూత ఈ రెండు కాలాల మధ్య 2, 3 మిల్లీమీటర్లు మారడం మామూలే.

అందుకే ఇప్పుడు మూత పలకను, అడుగు పలకను పట్టీల్లో గాడి తీసి దాంట్లో వదులుగా కూర్చోబెడతాను. జిగురు అసలు పెట్టను, లేదా మధ్యలో ఒక్క చుక్క. ఎండాకాలంలో చేస్తే గాడిలో రెండు పక్కలా ఒకటిన్నర మిల్లీమీటర్ల చొప్పున ఖాళీ వదులుతాను. వానల్లో చేస్తే ఖాళీ దాదాపు అక్కర్లేదు, పలక అప్పటికే ఉబ్బి ఉంటుంది. పలక చివర కోసిన ముఖం చూడండి. వలయాల గీతలు నిటారుగా ఉంటే అది తక్కువ కదిలే పలక, మూతకు దాన్నే తీసుకోండి. అడ్డంగా విల్లులా ఉంటే చిన్న ముక్కలుగా వాడుకోండి.

ఎండిందో లేదో ఎలా తెలుస్తుందని అడుగుతారు. మీటర్ కొనక్కర్లేదు. పలకను వంటింటి త్రాసు మీద తూచి, బరువు పెన్సిల్‌తో దాని మీదే రాయండి. వారానికోసారి తూచండి. మూడు వారాలు అంకె మారకపోతే మీ ఇంటి గాలికి అది అలవాటు పడ్డట్టే.

అపోహ: పెద్ద మెషిన్లు లేకుండా పెట్టె పని మొదలుపెట్టలేం.

ఒక సన్నపళ్ల రంపం, ఒక రందా (చిత్రిక), 6, 12, 18 మిల్లీమీటర్ల ఉలులు, సరిగ్గా 90 డిగ్రీలు చూపించే గొనియ, నాలుగు క్లాంపులు, ఒక నూరే రాయి. ఇవి చాలు. డబ్బు ఎక్కువ పెట్టాల్సింది గొనియ మీద, రాయి మీద. టేకులో సిలికా ఉంటుంది, ఉలి పదును త్వరగా తినేస్తుంది. పొద్దున నూరిన ఉలి మధ్యాహ్నానికి చెక్కను కోయదు, నలుపుతుంది. అప్పుడు సుత్తి గట్టిగా కొట్టకండి, లేచి వెళ్లి నూరుకోండి.

మెషిన్ ఇవ్వలేని అందం ఒకటి చెప్తాను. పెట్టె నాలుగు పక్కలనూ ఒకే పలక నుంచి వరసగా కోయండి. ఎడమ, ముందు, కుడి, వెనక అని నంబర్లు వేసి అదే వరసలో అతికించండి. టేకు గీతలు మూల తిరిగి పక్క ముఖం మీదికి అలాగే సాగిపోతాయి. నాలుగో మూలలో మాత్రం తెగుతాయి, ఆ మూల వెనక్కి వచ్చేలా చూసుకోవాలి.

అపోహ: జిగురు ఎంత ఎక్కువ పెడితే అంత బలం.

చెక్క అడ్డకోత ముఖం జిగురును పీల్చేస్తుంది, పట్టు నిలవదు. 45 డిగ్రీల మూలల్లో పట్టు బలహీనంగా ఉండడానికి కారణం అదే. అతుకు ఆరాక మూలకు అడ్డంగా రంపంతో గాడి కోసి, జిట్రేగి (రోజ్‌వుడ్) పలుచని ముక్క జిగురుతో దూర్చి చదును చేయండి. బలం వస్తుంది, టేకు మీద నల్లటి గీత అందంగా కూడా ఉంటుంది. టేకుకు సహజంగా నూనె ఉంటుంది కాబట్టి జిగురు పెట్టే ముందు ముఖాన్ని అసిటోన్‌తో తుడవాలి.

అపోహ: టేకుకు చెద పట్టదు.

చేవకు, అంటే లోపలి ముదురు కర్రకు, పట్టదు అనేంత తక్కువ. చుట్టూ ఉండే తెల్లచెక్కకు చెదా పడుతుంది, పుచ్చూ పడుతుంది. మిల్లులో చవగ్గా ఇచ్చేవి తరచుగా అవే.

అపోహ: గ్లవ్స్ వేసుకుంటే చేతులు భద్రం, మూతికి రుమాలు కట్టుకుంటే చాలు.

తిరిగే బ్లేడు దగ్గర, డ్రిల్లు దగ్గర గ్లవ్స్ వేసుకోవద్దు. గుడ్డ చిక్కితే చేతిని లోపలికి లాగేస్తుంది. ఈ ఒక్క మాట మాత్రం నా షెడ్డులో అడుగుపెట్టే ప్రతి పిల్లాడి చేత తిరిగి చెప్పించుకుంటాను. ఇక పొడి సంగతి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్కపొడిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది, ముక్కు లోపలి క్యాన్సర్‌తో దాని సంబంధం స్పష్టంగా ఉంది. ఎన్95 మాస్కు పెట్టుకోండి. సాండింగ్ (గరుకు కాగితంతో రుద్దడం) బయట, గాలి వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడి చేయండి. జిట్రేగి పొడికి కొందరి ఒళ్లు దద్దుర్లు తేలుతుంది.

అపోహ: మా చేను గట్టు మీది టేకు చెట్టు, మా ఇష్టం.

మహారాష్ట్రలో 1964 నాటి చెట్ల నరికివేత నియంత్రణ చట్టం ఉంది. సొంత భూమిలోదైనా టేకు కొట్టాలంటే అనుమతి కావాలి, దుంగను తరలించాలంటే అటవీ శాఖ పాసు కావాలి. వంతెన దాటి తెలంగాణలోకి తీసుకెళ్తుంటే మరీ జాగ్రత్త. అసలు పెట్టెలకు చెట్టు అక్కర్లేదు. తలుపులు చేసేచోట మిగిలిన ముక్కలు బిల్లుతో కొనండి. పాత ఇళ్ల ద్వారబంధాలు దొరికితే ఇంకా మంచిది, ఏళ్ల తరబడి ఎండిన కర్ర అది. రందా పెట్టే ముందు అయస్కాంతంతో మొత్తం తడమండి, లోపల విరిగిన మేకులు ఉంటాయి.

అపోహ: మెరుపు రావాలంటే వార్నిష్ మందంగా పూయాలి.

మా వైపు మోదుగ చెట్ల మీద పెరిగే లక్క పురుగు ఇచ్చేదే అసలు పాలిష్. లక్క రేకులను స్పిరిట్‌లో కరిగించి, గుడ్డ ఉండతో పలుచగా పది పన్నెండు సార్లు పూయండి. ప్రతి పూతా నిమిషాల్లో ఆరుతుంది. నగల పెట్టెకు ఇది సరిపోతుంది, వేడి గ్లాసు పెడితే మచ్చ పడుతుంది కాబట్టి టీ ట్రేకు వద్దు.

ట్రేలకు అవిసె నూనె వాడతాను. ఆ నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేయకండి. నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక దానంతటదే అంటుకుంటుంది. షెడ్డు నిండా రంపపు పొట్టు ఉంటుందని గుర్తుంచుకోండి. నేను ఆ గుడ్డలను బయట తీగ మీద విడివిడిగా ఆరేస్తాను, అట్టలా గట్టిపడ్డాకే చెత్తలో వేస్తాను.