సరఫరాదారు తెలిస్తే కన్సోల్ తెలిసినట్టేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

రేణిగుంట దగ్గరి ఒక ఎలక్ట్రానిక్స్ కర్మాగారంలో విడిభాగాల కొనుగోలు విభాగంలో పనిచేస్తున్నాను. మా దగ్గర తయారయ్యేవి టీవీ బోర్డులు, పవర్ బోర్డులు. గేమ్ కన్సోళ్లతో, అంటే వీడియో గేమ్ యంత్రాలతో, మాకు సంబంధం లేదు. అయినా సోనీవారి రాబోయే ప్లేస్టేషన్ (పీఎస్) గురించో, మైక్రోసాఫ్ట్‌వారి ఎక్స్‌బాక్స్ గురించో ఏదో ఒక చిప్ కంపెనీ పేరుతో, మెమరీ కంపెనీ పేరుతో వార్త వచ్చిన ప్రతిసారీ నాకు ఫోన్లు మొదలవుతాయి. తిరుపతిలో గేమింగ్ సెంటర్ నడుపుతున్న ఒక తమ్ముడు ఈ మధ్య అడిగిన ప్రశ్నే దాదాపు అందరూ అడుగుతారు: "అన్నా, కొత్త పీఎస్ వస్తాదని చిప్పు చేసేవాళ్లే చెప్పేసినారంట గదా, ఇప్పుడుండే పీఎస్5లు అమ్మేసి పెట్టుకుంటే మేలు గదా?" అతని ఆదుర్దా నాకు అర్థమవుతుంది. అప్పు తెచ్చి యంత్రాలు కొన్న మనిషికి, కొత్తది వచ్చేలోగా పాతవాటి ధర పడిపోతుందేమోనన్న భయం సహజం. ఆ భయాన్ని రోజూ ఎగదోసే వీడియోల మీద మాత్రం నాకు ఓపిక లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఏ భాగం ఎవరు సరఫరా చేస్తున్నారో తెలిస్తే యంత్రం శక్తి ఎంతో లెక్కగట్టవచ్చు

అన్నిటికన్నా ఎక్కువ డబ్బు పోగొట్టేది ఈ నమ్మకమే కాబట్టి దీని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

2020 నవంబరులో ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్, పీఎస్5 అనే మూడు యంత్రాలు బజారులోకి వచ్చాయి. మూడింటి ప్రధాన చిప్పులోనూ ఉన్నది చిప్పులు డిజైన్ చేసే ఏఎండీ సాంకేతికతే, మూడూ టీఎస్ఎంసీ అనే ఫౌండ్రీలో (చిప్పులు తయారుచేసే కర్మాగారంలో) 7 నానోమీటర్ల పద్ధతిలో తయారైనవే, మూడింటిలోనూ ఉన్నది ఏఎండీ జెన్ 2 డిజైన్ సీపీయూ (ప్రధాన ప్రాసెసర్), ఆర్‌డీఎన్ఏ 2 తరం గ్రాఫిక్సే. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లో 52 కంప్యూట్ యూనిట్లు (గ్రాఫిక్స్ లెక్కలు చేసే భాగాలు) 1.825 గిగాహెర్ట్జ్ దగ్గర నడుస్తాయి. పీఎస్5లో 36 యూనిట్లు గరిష్ఠంగా 2.23 గిగాహెర్ట్జ్ దాకా వెళతాయి. సిరీస్ ఎస్‌లో 20 యూనిట్లు 1.565 గిగాహెర్ట్జ్ దగ్గర ఆగుతాయి. ఫలితంగా మొదటిది 12.15 టెరాఫ్లాప్స్ (ఒక టెరాఫ్లాప్ అంటే సెకనుకు లక్ష కోట్ల లెక్కలు), రెండవది 10.28, మూడవది 4. సరఫరాదారు పేరు, ఫౌండ్రీ పేరు, నానోమీటర్లు, డిజైన్ తరం అన్నీ ముందే తెలిసిన మనిషి కూడా ఈ మూడు సంఖ్యలలో ఏ ఒక్కదానినీ వాటి నుంచి రాబట్టలేడు.

చిప్పు ఫొటో చూసి యూనిట్లు లెక్కపెట్టినా సరిపోదు. సిరీస్ ఎక్స్ సిలికాన్ మీద ఉన్నవి 56 యూనిట్లు, పనిచేసేవి 52. పీఎస్5 సిలికాన్ మీద ఉన్నవి 40, పనిచేసేవి 36. ఒకటి రెండు యూనిట్లలో లోపం ఉన్నంత మాత్రాన చిప్పు మొత్తాన్ని పారేయవలసిన అవసరం రాకుండా కొన్నిటిని ముందే మూసివేస్తారు. ఎన్ని మూయాలన్నది ఈల్డ్‌ను (తయారైనవాటిలో ఎన్ని బాగా వచ్చాయన్న దాన్ని) బట్టి, ధరను బట్టి కన్సోల్ కంపెనీ తీసుకునే నిర్ణయం.

ఒకే చిప్పు రెండు యంత్రాలలో రెండు రకాలుగా నడిచిన సందర్భం కూడా ఉంది. ఎన్విడియా అనే చిప్ కంపెనీ 2015లో ప్రకటించిన టెగ్రా ఎక్స్1 చిప్పు అదే ఏడాది షీల్డ్ టీవీ పెట్టెలో వచ్చింది. దాని గ్రాఫిక్స్ 1 గిగాహెర్ట్జ్ దాకా నడవగలదు. 2017 మార్చి 3న విడుదలైన నింటెండో స్విచ్‌లో అదే చిప్పును టీవీకి కలిపినప్పుడు 768 మెగాహెర్ట్జ్ దగ్గర, చేతిలో పట్టుకుని ఆడేటప్పుడు అంతకన్నా బాగా తక్కువ వేగంతో నడిపారు. బ్యాటరీ ఎంతసేపు రావాలి, పెట్టె ఎంత వేడెక్కవచ్చు, ఫ్యాన్ ఎంత చప్పుడు చేయవచ్చు అన్న ప్రశ్నలకు జవాబు చిప్పు అమ్మేవారి దగ్గర ఉండదు.

మా పనిలో దీన్ని రోజూ చూస్తాం. 12 వోల్టుల లైను మీద 25 వోల్టుల కెపాసిటర్ వేస్తాం, ఎందుకంటే హద్దు దాకా వాడిన భాగం త్వరగా చెడిపోతుంది. మా పర్చేజ్ ఆర్డరు చేతికి చిక్కిన బయటివాడెవరైనా ఆ బోర్డు 25 వోల్టులదని ప్రకటిస్తే ఎంత తప్పో, మెమరీ కంపెనీ డేటాషీట్‌లోని గరిష్ఠ వేగాన్ని కన్సోల్ వేగంగా చెప్పడం అంతే తప్పు. సరఫరాదారు కాగితం భాగం హద్దును చెబుతుంది. యంత్రం ఆ హద్దుకు ఎంత ఇవతల నడుస్తుందో చెప్పదు.

ఈ నమ్మకం వల్ల మనుషులు నష్టపోవడం నేను దగ్గరగా చూసింది 2021లో. ఆ మార్చిలో, నింటెండో కొత్త స్విచ్‌కు శామ్‌సంగ్ డిస్‌ప్లే 7 అంగుళాల 720పీ ఓఎల్ఈడీ తెరలు చేయబోతోందని, టీవీకి కలిపితే ఆ యంత్రం 4కే (1080పీ కన్నా ఎంతో స్పష్టమైన) చిత్రం ఇస్తుందని బ్లూమ్‌బర్గ్ వార్తాసంస్థ రాసింది. తెర వార్త బలంగా ఉండడంతో 4కే మాటను కూడా అందరూ నిశ్చయంగా తీసుకున్నారు. చిత్తూరులో మా బంధువుల అబ్బాయి, ఇంట్లో ఎంతో బతిమాలి చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో కొనిపించుకున్న స్విచ్‌ను, కొత్తది రాగానే దీన్ని ఎవరూ అడగరన్న భయంతో సగం ధరకే అమ్మేశాడు. జులై 6న నింటెండో ప్రకటన వచ్చింది. తెర అక్షరాలా వార్తలో చెప్పినట్టే ఉంది: 7 అంగుళాలు, ఓఎల్ఈడీ, 720పీ. టీవీ మీద మాత్రం మునుపటి 1080పీయే, లోపల ఆటను నడిపే శక్తి పాతదే. అక్టోబరు 8న అది 349.99 డాలర్లకు అమెరికా దుకాణాలకు వచ్చేసరికి ఆ అబ్బాయి దగ్గర పాతదీ లేదు, కొత్తదాని మీద ఆశా లేదు. "మామా, తెర గురించి నిజమే చెప్పినారు గదా, తక్కినదెట్లా అబద్ధమైంది?" అని అడిగాడు. తెర చేసేవారికి తెలిసేది తెర సంగతే. దానికి అవతలివైపు ఏ చిప్పు ఉంటుందో వారికి చెప్పవలసిన అవసరం ఎవరికీ లేదు. మా రంగంలో ఒక సరఫరాదారుకు ఇంకొక సరఫరాదారు భాగం వివరాలు అవసరానికి మించి ఎప్పుడూ ఇవ్వరు. మన తోతాపురి కాయలు ఏ గుజ్జు ఫ్యాక్టరీకి లోడ్ అయ్యాయో తెలిసిన రైతుకు, ఆ గుజ్జు చివరికి ఏ సీసాలో ఎంతమేర కలుస్తుందో తెలియనట్టే ఇదీ.

సరఫరా వార్తలన్నీ అబద్ధాలని నేను అనడం లేదు. భాగం గురించి వచ్చిన వార్త ఆ భాగం వరకు చాలాసార్లు నిజమవుతుంది. 2024 జనవరిలో మార్కెట్ పరిశోధన సంస్థ ఆమ్డియా విశ్లేషకుడు ఒకరు రాబోయే నింటెండో యంత్రానికి 8 అంగుళాల ఎల్‌సీడీ తెర ఉంటుందని చెప్పారు. స్విచ్ 2కు 7.9 అంగుళాల ఎల్‌సీడీయే వచ్చింది. అదే ఏడాది బయటపడిన రవాణా పత్రాలలోని 12 జీబీ మెమరీ, 256 జీబీ స్టోరేజీ కూడా నిజమయ్యాయి. అయితే ఆమ్డియా మాటలో యంత్రం 2024లోనే వస్తుందన్న భాగం తప్పింది; అది 2025 జూన్ 5న వచ్చింది.

కన్సోల్ కంపెనీ నిర్ణయాలే చివరి నెలల దాకా మారుతూ ఉంటాయన్న సంగతిని కూడా ఊహలు చెప్పేవారు మరిచిపోతారు. పీఎస్4కు 4 జీబీ మెమరీ ఉంటుందన్న ప్రచారం నెలల తరబడి సాగింది. 2013 ఫిబ్రవరి 20న సోనీ వేదిక మీద 8 జీబీ జీడీడీఆర్5 మెమరీ అని ప్రకటించింది. 4 గిగాబిట్ల (అంటే అర జీబీ) చిప్పులు సమయానికి అందుబాటులోకి రావడం వల్ల ఒక్కో యంత్రంలో అలాంటివి 16 పెట్టగలిగారు. ఎక్స్‌బాక్స్ వన్‌ను అదే ఏడాది మేలో ప్రపంచానికి చూపించిన తర్వాత కూడా దాని గ్రాఫిక్స్ వేగాన్ని 800 నుంచి 853 మెగాహెర్ట్జ్‌కు, సీపీయూ వేగాన్ని 1.6 నుంచి 1.75 గిగాహెర్ట్జ్‌కు పెంచి, నవంబరులో అమ్మకానికి పెట్టారు.

గేమింగ్ సెంటర్ తమ్ముడికి చెప్పింది కూడా ఇదే. 2025 అక్టోబరులో సోనీ తరఫున మార్క్ సెర్నీ, ఏఎండీ తరఫున జాక్ హువిన్ కలిసి కొత్త గ్రాఫిక్స్ పద్ధతుల గురించి మాట్లాడినప్పుడు, అవి ఇంకా సిమ్యులేషన్‌లోనే (కంప్యూటర్ నమూనాలోనే) ఉన్నాయనీ, కొన్నేళ్లలో రాబోయే కన్సోల్‌లోకి వాటిని తేవాలనుకుంటున్నామనీ సెర్నీయే చెప్పాడు. అందులో వేగం సంఖ్య లేదు, ధర లేదు, తేదీ లేదు. ఆ మాటలను పట్టుకుని, ఈ రోజు గంటల లెక్కన డబ్బు తెచ్చిపెడుతున్న యంత్రాన్ని తెగనమ్ముకోవడానికి కారణం ఏమీ కనిపించడం లేదని చెప్పాను. అతను వాటిని అమ్మలేదు.

అపోహ: సరఫరాదారుకు ఆర్డరు వచ్చిందంటే విడుదల దగ్గరపడినట్టే

కొటేషన్ అడగడం వేరు, శాంపిల్ తెప్పించుకోవడం వేరు, అంచనా పంపడం వేరు, ఆర్డరు పెట్టడం వేరు. మేము ఒక కనెక్టర్ కోసం ముగ్గురి దగ్గర శాంపిళ్లు తీసుకున్నప్పుడు, అందులో ఒకరు ఆర్డరు తమకే ఖాయమైందని బజారంతా చెప్పుకున్నారు. చివరికి మేము కొన్నది వేరేవారి దగ్గర. ఆర్డరు నిజమైనా కూడా, పెద్ద కంపెనీలు సాధారణంగా సెకండ్ సోర్స్ (రెండో సరఫరాదారు) లేకుండా మెమరీ కొనవు కాబట్టి ఒక కంపెనీ పేరు విని మిగిలినవారు ఓడిపోయారనుకోవడం తగదు.

అపోహ: భాగాల ధరలు కూడితే కన్సోల్ ధర వస్తుంది

రాదు. పీఎస్5 మన దేశానికి 2021 ఫిబ్రవరి 2న వచ్చినప్పుడు డిస్క్ ఉన్నది రూ. 49,990, డిస్క్ లేనిది రూ. 39,990, రెండింటిలోనూ చిప్పు ఒక్కటే, డిస్క్ డ్రైవ్ ఖరీదు పదివేలు కానే కాదు. 2022 నవంబరులో ఆ యంత్రాల ధర ఒక్కొక్కటి రూ. 5,000 పెరిగింది. ఎక్స్‌బాక్స్‌ను 100 నుంచి 200 డాలర్ల నష్టానికి అమ్ముతున్నామని అప్పటి ఎక్స్‌బాక్స్ అధిపతి ఫిల్ స్పెన్సర్ 2022లో బహిరంగంగానే చెప్పాడు. ఆటల అమ్మకం, రూపాయి మారకం, పన్ను, పోటీదారు ధర కూడా ఆ సంఖ్యలో ఉంటాయి.

అపోహ: శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ ఉంది కాబట్టి ఇక్కడివాళ్లకు ముందే తెలుస్తుంది

ఫాక్స్‌కాన్ ఇతర కంపెనీల కోసం ఎలక్ట్రానిక్ యంత్రాలు తయారుచేసిపెట్టే సంస్థ. 2015లో శ్రీసిటీ పారిశ్రామికవాడలో అది మొదలుపెట్టింది ఫోన్ల తయారీ. నింటెండో, సోనీ యంత్రాలు తయారయ్యేది చైనా, వియత్నాం వంటి విదేశాలలో. ఇక్కడ లైనులో పనిచేసే పిల్లలను రాబోయే కన్సోల్ గురించి వేధించడం వల్ల ప్రయోజనం లేదు. పైగా లోపలి విషయం బయటపెట్టారన్న అనుమానం చాలు వారి ఉద్యోగం పోవడానికి.

అపోహ: విదేశంలో విడుదలైతే ఇక్కడికి తప్పక వస్తుంది

2024 నవంబరు 7న పీఎస్5 ప్రో విదేశాలలో విడుదలైనప్పుడు, దానిలోని వైఫైకి కావలసిన 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు (రేడియో తరంగాల పరిధికి) అప్పటికి ఇక్కడ అనుమతి లేనందున భారతదేశంలో అమ్మడం లేదని సోనీ స్పష్టంగా చెప్పింది. గ్రాఫిక్స్ చిప్పు గురించి నెలల తరబడి లెక్కలు వేసిన మన కుర్రాళ్లలో వైఫై గురించి అడిగినవారు నాకు ఒక్కరూ కనిపించలేదు. వీడియో గేమ్ యంత్రాలు మన దేశంలో అధికారికంగా అమ్మాలంటే బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ప్రకటించని యంత్రానికి ఎవరైనా అడ్వాన్సు అడిగితే, తయారీదారు ప్రకటించిన మోడల్ నంబరు ఏదో, దానికి బీఐఎస్ నమోదు ఉందో లేదో అడగండి. జవాబు రాకపోతే డబ్బు ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చినవారు రసీదు చూపించి వెంటనే వెనక్కి అడగండి.