పెట్టె మీది అంకె చూసి ఏసీ పంపు కొనకండి

పాత అంబాసిడర్‌కో ప్రీమియర్ పద్మినికో రెండు కార్బొరేటర్లు (పెట్రోల్ని గాలితో కలిపి ఇంజన్‌కి ఇచ్చేవి) పెట్టించి, ఇంజన్ బలం పెంచుకున్నవాళ్లకు వెంటనే వచ్చే సందేహం: ట్యాంకు నుంచి కార్బొరేటర్‌కి పెట్రోలు చేర్చే పంపు కూడా పెద్దది వేయించాలా? మెకానిక్కులు దీన్నే ఏసీ పంపు అంటారు. కారు చల్లదనానికీ దీనికీ సంబంధమేమీ లేదు.

ముందు లెక్క చూద్దాం. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు, ప్రతి 100 హార్స్‌పవర్‌కీ ఇంజన్ గంటకు సుమారు 30 లీటర్లు తాగుతుంది. 80 హార్స్‌పవర్‌కి 24 లీటర్లు, అంటే నిమిషానికి అర లీటరు కూడా కాదు. ఈ20 (20 శాతం ఎథనాల్ కలిపిన) పెట్రోల్లో లీటరుకు శక్తి 6, 7 శాతం తక్కువ. అదీ, కాస్త వెసులుబాటూ కలిపితే గంటకు 30 లీటర్లు చాలు. మరి అమెరికన్ పంపుల పెట్టెల మీద గంటకు 110 గ్యాలన్లు, అంటే 416 లీటర్లు అని ఎందుకుంటుంది? అది గొట్టం చివర ఏ అడ్డూ లేకుండా వదిలేస్తే వచ్చే ధార. ఎదురు ఒత్తిడి పెరిగేకొద్దీ ధార తగ్గుతుంది. పైగా అవి డ్రాగ్ రేసులకు పనికొచ్చే సరుకు. 1 జి త్వరణంతో, అంటే కింద పడే వస్తువు అందుకునేంత జోరుతో దూకే కారులో, 3 మీటర్ల గొట్టంలోని పెట్రోలు 3 పీఎస్ఐకి (పీఎస్ఐ అంటే ఒత్తిడి కొలత) పైగా వెనక్కి లాగుతుంది. బీచ్ రోడ్డు మీద భీమిలి వెళ్లొచ్చే బండికి ఆ బాధ లేదు.

అసలు సంగతి పంపు లోపలుంది. ఇంజన్‌లోని కామ్‌షాఫ్ట్ (ఉబ్బెత్తు కామ్‌లున్న కడ్డీ) తిరుగుతూ ఒక లీవర్‌ని కదుపుతుంది. లీవర్ డయాఫ్రమ్‌ని (సాగే పలచటి పొరని) కిందికి లాగుతుంది, ట్యాంకు నుంచి పెట్రోలు లోపలికొస్తుంది. తిరిగి పైకి నెట్టేది మాత్రం లీవర్ కాదు, డయాఫ్రమ్ కింద ఉన్న స్ప్రింగ్. కార్బొరేటర్ గిన్నె నిండి ఫ్లోట్ నీడిల్ (గిన్నెలోకి పెట్రోలు వచ్చే దారిని మూసే సూది) మూసుకుంటే పెట్రోలు కదలదు. స్ప్రింగ్ నొక్కుకునే ఉంటుంది, లీవర్ ఊరికే ఆడుతుంది. కాబట్టి ఇంజన్ ఎంత వేగంగా తిరిగినా, ఒత్తిడి ఆ స్ప్రింగ్ ఇచ్చే దాన్ని మించదు. ఏ ఎలక్ట్రానిక్సూ లేకుండా ఇంత చక్కటి కంట్రోలు! నాకు ఇందులో బాగా నచ్చేది ఇదే.

అందుకే పంపు ఎంచుకోవడమంటే ముందు స్ప్రింగ్ ఎంచుకోవడం. సైడ్ డ్రాఫ్ట్ (గాలి పక్కనుంచి వెళ్లే) వెబర్ కార్బొరేటర్లకు 3 పీఎస్ఐ అటూఇటూ సరిపోతుంది. పెద్ద హోలీ కార్బొరేటర్లు 5 నుంచి 7 దాకా అడుగుతాయి. వెబర్‌కి 7 ఇచ్చే పంపు బిగిస్తే నీడిల్ ఆపలేక గిన్నె పొంగుతుంది, ప్లగ్గులు నల్లబడతాయి. అప్పుడు ఒత్తిడి తగ్గించే రెగ్యులేటర్ కొనాలి. పంపు సరైనది కొనుంటే ఆ ఖర్చెందుకు?

కొందరికి పంపు సరైనదే అయినా బండి మొరాయిస్తుంది. తప్పు ఎక్కువగా ట్యాంకు వైపు ఉంటుంది. పంపు నిజానికి లాగదు, ఖాళీ చేస్తుంది. పెట్రోల్ని నెట్టేది గాలి ఒత్తిడి. సన్నటి గొట్టం, మూసుకుపోయిన ఫిల్టరు ఉంటే ఆ నెట్టుడు సరిపోదు. ఒత్తిడి పడిపోయిన చోట పెట్రోలు ఇంకా తొందరగా ఆవిరవుతుంది. దానిలోని తేలికపాటి భాగాలు మామూలుగానే 40 డిగ్రీల దగ్గర మరగడం మొదలుపెడతాయి. పంపేమో వేడి ఇంజన్‌కే అంటుకుని ఉంటుంది. ఎండాకాలంలో అరకు వెళ్తూ అనంతగిరి ఘాట్ ఎక్కి, కాఫీ కోసం ఆగారనుకోండి. ఇంజన్ ఆగింది, ఫ్యాన్ గాలి ఆగింది, వేడి మాత్రం పంపులోకి పాకుతూనే ఉంటుంది. పైగా 900 మీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడి పదో వంతు తక్కువ. పంపులోని పెట్రోలు ఆవిరైపోతుంది, సెల్ఫ్ కొడితే స్టార్ట్ కాదు. పాత టాక్సీ డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ చుట్టి కాసేపు కూర్చునేది ఇందుకే. పంపుకీ ఇంజన్‌కీ మధ్య మందపాటి ఇన్సులేటర్ పలక వేడిని ఆపుతుంది. కానీ ఇష్టమొచ్చిన మందం వేస్తే లీవర్ కదలిక తగ్గుతుంది, ధారా తగ్గుతుంది.

కొత్త పంపు తెచ్చాక లీవర్ పొడవు, వంపు, బోల్టు రంధ్రాలు పాతదాని పక్కన పెట్టి చూడండి. లీవర్‌ని కామ్‌కి ఆనించి ఉంచే స్ప్రింగ్ (డయాఫ్రమ్ కిందిది కాదు) గట్టిదైతే ఎక్కువ ఆర్పీఎంలో లీవర్ కామ్‌ని వదలదు, నిజమే. ఆ కామ్‌ని అరగదీసేదీ ఆ స్ప్రింగే, మీరు 5,000 ఆర్పీఎం దాటనప్పుడు దాని అవసరం లేదు. డయాఫ్రమ్ ఈ20ని తట్టుకుంటుందో లేదో షాపులో అడగండి. పాత రబ్బరు ఎథనాల్‌కి ఉబ్బుతుంది, చిరుగుతుంది. చిరిగితే పెట్రోలు ఇంజన్ కింద ఆయిల్ ఉండే సంపులోకి దిగొచ్చు. ఆయిల్ చూసే డిప్‌స్టిక్ తీసినప్పుడు పెట్రోలు వాసన వస్తే ఆ బండిని స్టార్ట్ చేయకుండా, పంపుతో పాటు ఆయిలూ మార్చాలి.