ఓర్వకల్లు ఎండ, ముద్దనూరు బొగ్గు

కర్నూలు నుంచి నంద్యాల వెళ్ళే దారిలో ఓర్వకల్లు దాటి గని, శకునాల గ్రామాల వైపు మళ్ళితే కనుచూపు మేర సౌర ఫలకాలే. దాదాపు ఆరు వేల ఎకరాల్లో వెయ్యి మెగావాట్ల పార్కు అది. 2017లో పూర్తయినప్పుడు ఒకేచోట అంత పెద్ద సౌర విద్యుత్ కేంద్రం ప్రపంచంలోనే అరుదు. అదే రాయలసీమలో, కడప జిల్లా ముద్దనూరు, ఎర్రగుంట్ల ప్రాంతంలో 1994 నుంచి థర్మల్ కేంద్రం నడుస్తోంది. సామర్థ్యం 1,650 మెగావాట్లు, మండించేది బొగ్గు. ఇక్కడ ఎండ నుంచి కరెంటు వస్తోంది కాబట్టి అక్కడ ఆ మేరకు పొగ తగ్గిందా?

లెక్క వేసి చూద్దాం. రాత్రులు, మబ్బులు, ఉదయం సాయంత్రాల ఏటవాలు ఎండ తీసేస్తే వెయ్యి మెగావాట్ల పార్కు ఏడాదికి సుమారు 200 కోట్ల యూనిట్లు ఇస్తుంది. బొగ్గుతో ఒక యూనిట్ తయారైతే కిలోకు కాస్త అటూఇటూగా కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. అంటే ఏటా 20 లక్షల టన్నుల ఆదా. కానీ సౌర యూనిట్ వచ్చి బొగ్గు యూనిట్‌ను పక్కకు నెట్టినప్పుడే ఈ లెక్క నిజమవుతుంది. ఈలోగా కొత్త ఇళ్ళు, కొత్త ఫ్యాక్టరీలు, కొత్త ఏసీలు వచ్చి వాడకమూ 200 కోట్ల యూనిట్లు పెరిగితే బొగ్గు ఎంత కాలుతుండేదో అంతే కాలుతుంది. ఇంకా పెరగాల్సింది ఆగిందన్న మేలు మాత్రం ఉంటుంది. అది చిన్న మేలు కాదు. అయితే పెరుగుదల ఆగడం వేరు, తగ్గడం వేరు. ప్రారంభోత్సవాల్లో ఈ రెంటినీ ఒకటిగా చెప్పేస్తుంటారు, అది సరికాదు.

జపాన్ శాస్త్రవేత్త యోయిచీ కాయా ఈ సంగతిని నాలుగు అంకెల గుణకారంగా చూపాడు: జనాభా, తలసరి ఆదాయం, రూపాయి సంపాదనకు ఖర్చయ్యే శక్తి, ఆ శక్తిలో ఉన్న కర్బనం. మొదటి రెండూ మన దేశంలో ఇంకా పెరుగుతున్నాయి, ఆదాయం పెరగాలి కూడా. అమెరికాలో మనిషికి ఏటా 14 టన్నుల దాకా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంటే మన దగ్గర అది రెండు టన్నుల చిల్లర. బోరు మోటారుకు కరెంటు కావాలనే అనంతపురం రైతును దోషిగా నిలబెట్టే హక్కు ఎవరికీ లేదు. కాబట్టి తగ్గాల్సింది చివరి రెండూ. ఆర్థిక వ్యవస్థ ఏటా ఆరున్నర శాతం పెరుగుతుంటే రూపాయికి వెలువడే కర్బనం ఏటా ఆరు శాతానికి పైగా తగ్గాలి, అప్పుడు గానీ మొత్తం నిలకడగా ఉండదు. 2005తో పోలిస్తే 2030 నాటికి రూపాయికి వెలువడే ఉద్గారాలను 45 శాతం తగ్గిస్తామని భారత్ ప్రపంచానికి మాట ఇచ్చింది. ఏడాదికి పంచి చూస్తే అది రెండున్నర శాతం లోపే. మాట పూర్తిగా నిలబెట్టుకున్నా మొత్తం ఉద్గారాలు పెరుగుతూనే ఉండవచ్చు.

ఆదాయం ఒక స్థాయి దాటితే కాలుష్యం దానంతట అదే తగ్గుతుందని కొందరు ఆర్థికవేత్తలు అంటారు. ఊరి మీద కమ్ముకునే పొగ, దుమ్ము విషయంలో ఇది చాలాచోట్ల నిజమైంది, ఎందుకంటే దగ్గు వచ్చే జనం గొడవ చేస్తారు. కార్బన్ డయాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు, ఎక్కడ వదిలినా భూగోళమంతా పరుచుకుంటుంది, దానిపై ఏ ఊరూ ధర్నా చేయదు. బ్రిటన్ తన చివరి బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని 2024 సెప్టెంబరు 30న మూసింది. అక్కడ ఆర్థిక వ్యవస్థ పెరిగినా ఉద్గారాలు 1990 నాటి స్థాయిలో సుమారు సగానికి వచ్చాయి. అది దానంతట అదే జరగలేదు, బొగ్గును గ్యాస్‌తో, గాలిమరలతో పనిగట్టుకుని మార్చారు.

మన దేశంలో 2025 నాటికి విద్యుత్ సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ వంటివి కానిదే. అయినా తయారయ్యే కరెంటులో డెబ్బై శాతానికి పైగా బొగ్గుదే. ఎండకు వేళలుండటం ఇందుకు పెద్ద కారణం. ఆ వేళలకు సరిపడే పని రాయలసీమలో ఒకటుంది, సేద్యం. ఒకప్పుడు అర్ధరాత్రి టార్చిలైటుతో, పాముల భయంతో మోటారు వేయడానికి పొలానికి పోయిన రైతుకు పగటి కరెంటు దొరికితే బొగ్గూ ఆదా, ప్రాణమూ ఆదా. చిక్కంతా సాయంత్రం ఏడింటిది. అందుకే పాణ్యం దగ్గర పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు చేపట్టారు. పగలు ఎండ కరెంటుతో నీటిని పై జలాశయానికి తోడి, చీకటి పడ్డాక కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. నాలుగు యూనిట్లు పెడితే సుమారు మూడు తిరిగి వస్తాయి. ఆ నష్టం భరించదగ్గదే.

కానీ సీమలో ఎండ కూడా తీర్చలేని లెక్క ఒకటుంది. వంటింటి గట్టుగా వేసిన కడప బండ మీద నిమ్మరసం పడి కాసేపు ఉంటే తెల్లటి మచ్చ మిగులుతుంది. ఆ పులుపు రాయిని కొద్దిగా తినేసి, అందులోని కార్బన్ డయాక్సైడ్‌ను విడిపించింది. కడప బండ సున్నపురాయే. ఎర్రగుంట్ల, తాడిపత్రి సిమెంటు ఫ్యాక్టరీల్లోనూ సున్నపురాయి నుంచి ఇదే వాయువును విడగొడతారు, అయితే పులుపుతో కాదు, వేడితో. కొలిమి వేడి 1,450 డిగ్రీల దాకా వెళుతుంది. వంద కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిలో 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా పోయి 56 కిలోల సున్నం మిగులుతుంది. సిమెంటు ఉద్గారాల్లో సగానికి పైగా ఇలా రాయి నుంచే వస్తాయి. ఫ్యాక్టరీకి సౌర కరెంటు ఎంత ఇచ్చినా ఈ భాగం కిలో కూడా తగ్గదు. పైగా ఆర్థిక వృద్ధి అంటే ముందు కనిపించేది సిమెంటే: రోడ్లు, అపార్టుమెంట్లు, ఆ సౌర పార్కుల పునాదులు కూడా.

ఉన్న దారి, కాల్చే రాయిని తగ్గించడం. థర్మల్ కేంద్రాల బూడిదను సిమెంటులో మూడో వంతు దాకా కలుపుతున్నారు. బొగ్గు నిజంగా తగ్గిన రోజున ఆ బూడిదా తగ్గుతుంది. అప్పటికి వేరొకటి సిద్ధంగా ఉండాలి. కొన్ని రకాల బంకమట్టిని 700, 800 డిగ్రీల వేడి దగ్గర కాల్చి, పొడి చేసిన పచ్చి సున్నపురాయితో కలిపితే సిమెంటులో క్లింకర్‌ను, అంటే సున్నపురాయిని కొలిమిలో కాల్చితే వచ్చే గడ్డలను, సగానికి తగ్గించవచ్చు. మట్టి నుంచి పోయేది నీటి ఆవిరి, పచ్చి సున్నపురాయిని కాల్చే పనే లేదు. ఇలాంటి సిమెంటుకు మన దేశంలో ప్రమాణాలు కూడా వచ్చాయి. సీమ ఫ్యాక్టరీలు దీన్ని ఎంత త్వరగా చేపడితే అంత మంచిది, ఇప్పుడు కట్టే కొలిమి మరో నలభై ఏళ్ళు మండుతుంది.