టెక్స్చర్లను తేలికపరిచే పని ఎందుకు తెమలదు?

గేమ్‌కు మాడ్లు, అంటే ఆటగాళ్లు తయారుచేసిన మార్పుచేర్పులు, చేర్చుకునేవారికి ఏదో ఒక రోజు ఈ దశ ఎదురవుతుంది. రాళ్లకు, చెట్లకు, గోడలకు, దుస్తులకు కొత్త టెక్స్చర్లు పెట్టాక దృశ్యం కన్నులపండువుగా ఉంటుంది కానీ ఆట తడబడుతుంది. గ్రాఫిక్స్ కార్డు మెమరీ చాలడం లేదని అర్థమై, టెక్స్చర్లను తేలికపరిచే సాధనం ఒకటి తెచ్చుకుని ఫోల్డర్ మొత్తాన్ని దానికి అప్పగిస్తారు. గంటలు గడిచినా పని పావువంతు కూడా కాదు. కంప్యూటర్ పాతబడిందనో, సాధనంలో లోపం ఉందనో అనుకుని చాలామంది మధ్యలోనే ఆపేస్తారు. ఎక్కువ సందర్భాల్లో ఆ రెండూ కారణం కావు. ఆ పనిలో సహజంగానే కష్టమైన లెక్క ఒకటి ఉంది. దాని చుట్టూ అసలు చేయనక్కరలేని పని కూడా పేరుకుని ఉంటుంది. మొదటిదాన్ని అర్థం చేసుకుంటే రెండోది ఎక్కడుందో తెలుస్తుంది.

టెక్స్చర్ అంటే త్రిమితీయ వస్తువు ఉపరితలం మీద పరిచే బొమ్మ. పొడవులో 4096, వెడల్పులో 4096 పిక్సెళ్లు ఉన్న బొమ్మలో మొత్తం 1,67,77,216 పిక్సెళ్లు ఉంటాయి. ఒక్కో పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పారదర్శకత అనే నాలుగు విలువలు, విలువకొక బైటు. కుదించకుండా ఉంచితే ఆ ఒక్క బొమ్మకే 64 మెగాబైట్లు కావాలి. దానికి మిప్‌మ్యాప్‌లు తోడు. దూరంగా ఉన్న వస్తువును గీసేటప్పుడు పెద్ద బొమ్మలోంచి అక్కడొకటి ఇక్కడొకటిగా పిక్సెళ్లు ఏరుకుంటే దృశ్యం మినుకుమినుకుమంటుంది. అందుకే సగం, పావు, అరపావు కొలతల్లో ముందే తయారుచేసిన ప్రతులను అదే ఫైలులో దాచి ఉంచుతారు. 1983లో లాన్స్ విలియమ్స్ ప్రతిపాదించిన ఈ పద్ధతి నేటికీ త్రిమితీయ గేమ్‌లకు ఆధారం. ప్రతి మెట్టులోనూ పిక్సెళ్లు నాలుగో వంతుకు తగ్గుతాయి కాబట్టి వరుస మొత్తానికి అదనంగా పట్టే చోటు మూడో వంతే. అంటే 64 మెగాబైట్లు 85 అవుతాయి. ఇలాంటివి వంద చేరితే 8 గిగాబైట్ల మెమరీ ఉన్న కార్డు నిండిపోతుంది.

బొమ్మలను కుదించడానికి జేపెగ్, పీఎన్‌జీ ఉన్నాయి కదా అనిపించవచ్చు. డిస్కు మీద చోటు ఆదా చేయడానికి అవి బాగానే పనికొస్తాయి. కానీ వాటిలో బొమ్మలోని ఏ భాగానికి ఎన్ని బిట్లు పడతాయో ముందుగా తెలియదు. మధ్యలో ఉన్న ఒక పిక్సెల్ కావాలన్నా దాని ముందున్నదంతా విప్పుకుంటూ రావాలి. గ్రాఫిక్స్ కార్డుకు అలా కుదరదు. సెకనుకు వందల కోట్లసార్లు టెక్స్చర్‌లోని ఏ మూల పిక్సెల్‌నైనా నేరుగా తీసుకోగలగాలి. కావలసిన పిక్సెల్ ఎక్కడుందో చిన్న గుణకారంతో తేలిపోవాలి. అందుకోసం పుట్టినవే బ్లాకు కుదింపు పద్ధతులు. ఎస్3 అనే సంస్థ రూపొందించిన పద్ధతిని 1998లో మైక్రోసాఫ్ట్ తన గేమ్ గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ అయిన డైరెక్ట్‌ఎక్స్ 6లో చేర్చుకుంది. డీఎక్స్‌టీ1 అనీ, ఇప్పుడు బీసీ1 అనీ పిలిచేది అదే.

ఒక బ్లాకును దగ్గరగా చూద్దాం. బొమ్మను నాలుగు పిక్సెళ్ల పొడవు, నాలుగు పిక్సెళ్ల వెడల్పు ఉన్న ముక్కలుగా విడదీస్తారు. నాచు పట్టిన రాతి అంచు మీద పడిన ముక్క అనుకోండి. అందులో 16 పిక్సెళ్లు, కొన్ని బూడిద రంగువి, కొన్ని ఆకుపచ్చవి, కొన్ని మధ్యస్థం. బీసీ1 ఆ 16 రంగులనూ దాచుకోదు. రెండు కొస రంగులను మాత్రం ఎంచుకుని ఒక్కోదాన్ని 16 బిట్లలో రాస్తుంది: ఎరుపుకు 5, ఆకుపచ్చకు 6, నీలానికి 5. ఆ రెండింటి నడుమ మూడో వంతు దగ్గర ఒకటి, మూడింట రెండు వంతుల దగ్గర ఒకటి మధ్య రంగులు లెక్కకట్టుకుంటుంది. ఇక ప్రతి పిక్సెల్‌కూ ఈ నాలుగింటిలో ఏది దగ్గరో చెప్పడానికి రెండు బిట్లు చాలు. కొస రంగులకు 32 బిట్లు, ఎంపికలకు 32 బిట్లు, మొత్తం 8 బైట్లు. ముడి రూపంలో 64 బైట్లు ఉన్న ముక్క ఎనిమిదో వంతుకు దిగింది. పైగా ప్రతి బ్లాకు కొలతా ఒకటే కాబట్టి ఏదైనా ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది. ఇంత పొదుపైన ఆలోచన కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో అరుదని నా నమ్మకం.

విప్పడం ఇంత సులువైతే కుదించడం ఎందుకంత భారం? గళ్ల నుడికట్టు నింపడానికి గంట పట్టినా, నింపినది సరిగ్గా ఉందో లేదో చూడటానికి నిమిషం చాలు. ఇక్కడ జరిగేదీ అదే. కొస రంగు ఒక్కోదానికి 65,536 విలువలు సాధ్యం. జంటలుగా చూస్తే 429 కోట్లకు పైగా. అన్నిటినీ ఎవరూ ప్రయత్నించరు. రంగులు ఏ దిశలో పరుచుకున్నాయో గణితంతో అంచనా వేసి, దాని చుట్టుపక్కల వెతికి, తప్పు తక్కువగా ఉన్న జంటను తీసుకుంటారు. ఎంత ఓపికగా వెతికితే అంత మంచి బొమ్మ, అంత ఎక్కువ సమయం. బీసీ1కి ఈ వెతుకులాట చిన్నదే. డైరెక్ట్‌ఎక్స్‌లోని త్రిమితీయ భాగమైన డైరెక్ట్3డీ 11తో 2009లో వచ్చిన కొత్త పద్ధతి బీసీ7 దగ్గర అది ఒక్కసారిగా విస్తరిస్తుంది. అందులో బ్లాకుకు 16 బైట్లు, రాయడానికి ఎనిమిది విధానాలు. ఒక బ్లాకులోని పిక్సెళ్లను రెండు గుంపులుగా విడదీయడానికి 64 నమూనాలు, మూడు గుంపులుగా విడదీయడానికి మరో 64. ఒక్కో గుంపుకు మళ్లీ వేరే కొస రంగులు. నాచూ రాయీ కలిసే అంచు అంత చక్కగా నిలవడానికి కారణం ఈ స్వేచ్ఛే, గంటలు పట్టడానికి కారణమూ ఇదే. 4096 కొలత టెక్స్చర్‌లో 10,48,576 బ్లాకులు ఉంటాయి. మిప్‌మ్యాప్‌లు కలిపితే దాదాపు 14 లక్షలు. అన్ని లక్షల వెతుకులాటలూ ఒక్క ఫైలుకే.

పని నెమ్మదించినప్పుడు ముందుగా చేయవలసింది కొలవడం. వేగం పెంచాలన్న తొందరలో సెట్టింగులన్నీ ఒకేసారి మార్చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. టాస్క్ మేనేజర్ తెరిచి, పని జరుగుతుండగా ప్రాసెసర్, డిస్కు, మెమరీ, గ్రాఫిక్స్ కార్డు గ్రాఫులను కాసేపు గమనించాలి. వీటిలో ఏది నిండుగా నడుస్తోందో దాన్నే పట్టించుకోవాలి. అరవై నిమిషాల పనిలో నలభై అయిదు నిమిషాలు డిస్కుకే పోతున్నాయనుకుందాం. కుదింపు వేగాన్ని రెట్టింపు చేసినా ఆదా అయ్యేది ఏడున్నర నిమిషాలే. కంప్యూటర్ రూపశిల్పి జీన్ ఆమ్డాల్ 1967లో కంప్యూటర్ల గురించి ముందుకు తెచ్చిన వాదన సారం ఇదే: వేగం పెరగని భాగమే మొత్తం పనికి హద్దు గీస్తుంది.

ప్రాసెసర్ గ్రాఫు దగ్గర ఒక మోసం ఉంది. అది 6 శాతం దగ్గరే నిలిచిపోతే ప్రాసెసర్ ఖాళీగా ఉందనిపిస్తుంది. 16 థ్రెడ్లు ఉన్న, అంటే ఒకేసారి 16 పనులు నడపగల, ప్రాసెసర్‌లో ఒకే థ్రెడ్ నూటికి నూరు శాతం శ్రమిస్తే మొత్తం మీద కనిపించేది ఆ 6 శాతమే. ప్రాసెసర్‌లోని లెక్కల భాగాల్లో, అంటే కోర్లలో, సాధనం ఒకదాన్నే వాడుకుంటోందన్నమాట. ఒక బ్లాకుతో మరో బ్లాకుకు సంబంధం ఉండదు కనుక ఈ పనిని ఎన్ని కోర్లకైనా పంచవచ్చు. పంచనిది సాధనం, లేదా అందులోని ఒక సెట్టింగు.

అదే కారణంగా గ్రాఫిక్స్ కార్డు ఈ వెతుకులాటకు చక్కగా సరిపోతుంది. మాడింగ్ సాధనాలు చాలావరకు మైక్రోసాఫ్ట్ వారి టెక్స్చర్ కోడ్ సంపుటి డైరెక్ట్‌ఎక్స్‌టెక్స్ మీద ఆధారపడతాయి. దానితో వచ్చే టెక్స్‌కన్వ్ అనే మార్పిడి సాధనం, అనుకూలమైన కార్డు కనిపిస్తే బీసీ7 లెక్కను దానికే అప్పగిస్తుంది, లేకపోతే ప్రాసెసర్‌తో కానిస్తుంది. ఈ రెండింటి మధ్య తేడా చాలా ఎక్కువ. రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న ల్యాప్‌టాప్‌లో పని బలహీనమైన దానికి వెళ్లిపోవడం మామూలే. ఏ చిప్‌ను వాడాలో చెప్పే అవకాశం టెక్స్‌కన్వ్‌లో ఉంది. వెతుకులాటను కుదించే మార్గమూ ఉంది: వేగ సెట్టింగులో అది బీసీ7 ఎనిమిది విధానాల్లో ఆరో నంబరుదాన్ని మాత్రమే ప్రయత్నిస్తుంది. గులకరాళ్లు, మట్టి, బెరడు లాంటి గజిబిజి ఉపరితలాల మీద ఆ తేడాను కన్ను పట్టుకోవడం కష్టం.

మెమరీ సంగతి చాలామందికి తట్టదు. కొలత మార్చేటప్పుడు, మిప్‌మ్యాప్‌లు తయారుచేసేటప్పుడు ఖచ్చితత్వం కోసం ప్రతి విలువనూ నాలుగు బైట్ల దశాంశ సంఖ్యగా మార్చుకునే సాధనాలు ఉన్నాయి. అప్పుడు పిక్సెల్‌కు 16 బైట్లు. 4096 కొలత టెక్స్చర్ 256 మెగాబైట్లు, 8192 కొలతది పూర్తిగా ఒక గిగాబైటు. అలాంటివి ఎనిమిది ఒకేసారి తెరిస్తే 16 గిగాబైట్ల మెమరీ ఉన్న యంత్రం కూడా ఇబ్బంది పడుతుంది. మెమరీ చాలక విండోస్ డిస్కును ఆసరా చేసుకోవడం మొదలుపెట్టిందంటే అన్నీ కలిసి చతికిలబడతాయి. అలాంటప్పుడు ఒకేసారి నడిచే పనుల సంఖ్య తగ్గిస్తే మొత్తం పని త్వరగా ముగుస్తుంది. వినడానికి తలకిందులుగా ఉన్నా ఇది నిజం.

డిస్కు నూరు శాతం చూపిస్తూ ప్రాసెసర్ తీరిగ్గా ఉంటే కుదింపును నిందించి లాభం లేదు. తిరిగే హార్డ్ డిస్కులో తల ఒక చోటి నుంచి మరో చోటికి కదలడానికి దాదాపు పది మిల్లీసెకన్లు పడుతుంది. ఫైలుకు నాలుగు కదలికలు అనుకున్నా 20,000 ఫైళ్లకు ఆ కదలికలకే పదమూడు నిమిషాలు ఆవిరవుతాయి. దానికి తోడు యాంటీవైరస్ ప్రతి ఫైలునూ తెరిచినప్పుడూ రాసినప్పుడూ తనిఖీ చేస్తుంది. మాడ్లను ముందే పూర్తిగా పరీక్షించి, ఆ పని ఫోల్డర్ ఒక్కదానికే కొంతసేపు మినహాయింపు ఇవ్వవచ్చు. పని అయ్యాక మినహాయింపు తీసేయడం మాత్రం మరవకూడదు. మాడ్లను అమర్చిపెట్టే మాడ్ మేనేజర్ కల్పించే కాల్పనిక ఫోల్డర్ ద్వారా సాధనాన్ని నడిపితే ప్రతి ఫైలు కోసం మధ్యలో మరో పొర దాటాలి. వీలైతే అసలు ఫోల్డర్ మీదే నేరుగా నడపడం మేలు.

సాధనం ఎప్పుడూ ఒకే చోట ఆగిపోతుంటే అది నెమ్మది కాదు, ఏదో ఒక ఫైలు పాడై ఉంటుంది. దాన్ని ఒక్కొక్కటిగా వెతకనక్కరలేదు. ఫోల్డర్‌ను సగం చేసి ఏ సగంలో ఆగుతోందో చూసి, ఆ సగాన్ని మళ్లీ సగం చేస్తూ పోతే 4,000 ఫైళ్లలో దోషిని పన్నెండు మెట్లలో పట్టుకోవచ్చు.

ఇక చేయనక్కరలేని పని. మాడ్లతో వచ్చే డీడీఎస్ ఫైళ్లలో, అంటే టెక్స్చర్లను దాచే ఫైళ్లలో, అత్యధికం ముందే కుదించినవి. డీఎక్స్‌టీ1లో ఉన్నదాన్ని విప్పి బీసీ7లోకి మారిస్తే పోయిన రంగులు తిరిగి రావు. ఫైలు మాత్రం రెట్టింపవుతుంది, ఎందుకంటే బ్లాకు 8 బైట్ల నుంచి 16కు పెరిగింది. గంటలు ఖర్చుపెట్టి నష్టం కొనుక్కోవడం ఇది. అలాంటి ఫైళ్లను వదిలేయమని సాధనానికి చెప్పాలి.

ఇంతకంటే ముఖ్యమైనది మరొకటుంది. ఎక్కువమందికి కావలసింది 4096 కొలత టెక్స్చర్లను 2048కి దించడం. చాలా సాధనాలు ఇందుకోసం ఫైలును విప్పి, చిన్నది చేసి, మిప్‌మ్యాప్‌లన్నీ మళ్లీ తయారుచేసి, మళ్లీ కుదిస్తాయి. కానీ ఆ 2048 ప్రతి ఫైలులో ముందే ఉంది, కుదించిన రూపంలోనే ఉంది! మిప్‌మ్యాప్ వరుసలో రెండో మెట్టు అదే. పై మెట్టును తొలగించి, ఫైలు మొదట్లో ఉన్న కొలతల వివరాలు సరిచేస్తే చాలు. వెతుకులాట లేదు, కొత్తగా నాణ్యత నష్టమూ లేదు. మిగిలేది ఫైలు చదివి తిరిగి రాసేంత సమయమే. ఫైలులో మిప్‌మ్యాప్‌లు లేకపోతే మాత్రం ఈ దారి మూసుకుపోతుంది.

ఆ పై మెట్టు పోతే కంటికి లోటు ఉంటుందా అన్నది న్యాయమైన ప్రశ్న. 1920, 1080 కొలతల తెర మీద ఉండేవే 20,73,600 పిక్సెళ్లు. 4096 టెక్స్చర్‌లో దానికి ఎనిమిది రెట్లు ఉన్నాయి. తెర మీద వస్తువు ఎంత పెద్దగా కనిపిస్తోందో చూసి గ్రాఫిక్స్ కార్డు తగిన మెట్టును ఎంచుకుంటుంది. బల్ల మీద ఉన్న కప్పుకు 4096 టెక్స్చర్ వేస్తే దాని పై మెట్టు ఆట మొత్తంలో ఒక్కసారి కూడా తెర మీదికి రాకపోవచ్చు. పర్వతానికీ, ముఖానికీ ఉంచుకుని, కప్పులకూ పళ్లేలకూ తగ్గించడం నాకు సబబుగా తోస్తుంది.

ఫార్మాట్ ఎంపికకు ముందు గేమ్ ఏది చదవగలదో తెలుసుకోవాలి. 2011లో వచ్చిన స్కైరిమ్ డైరెక్ట్3డీ 9 మీద నడుస్తుంది, దానికి బీసీ7 తెలియదు. 2016 నాటి దాని ప్రత్యేక సంచిక డైరెక్ట్3డీ 11 మీద నడుస్తుంది కాబట్టి చదవగలదు. నార్మల్ మ్యాప్‌ల విషయంలో తొందరపడకూడదు. వాటిలో ఉండేవి రంగులు కావు, ఉపరితలం ఎటు తిరిగి ఉందో చెప్పే దిశలు. వాటిని బీసీ1లో పెడితే నున్నటి కవచం మీద వెలుగు చతురస్రాలుగా విరిగి కనిపిస్తుంది. ఎక్కువ సమయం పట్టినా బీసీ7ను ఖర్చు చేయవలసిన చోటు ఇది. ఆకాశం లాంటి మెల్లగా మారే వర్ణాలకూ అంతే.

మాడ్‌తో వచ్చిన అసలు ఫైళ్లను వేరే చోట అలాగే ఉంచుకోవాలి. కుదించినదాన్ని మళ్లీ కుదిస్తే ప్రతిసారీ కొంత పోతుంది కాబట్టి, సెట్టింగు మార్చాలనుకున్నప్పుడు మొదలుపెట్టవలసింది ఆ మూల ప్రతుల నుంచే. కొత్త మాడ్ చేరినప్పుడు దాని ఫోల్డర్‌ను మాత్రమే సాధనానికి ఇవ్వాలి. పాతవి ఇప్పటికే సిద్ధంగా ఉన్నాయి.