వీడియో కాన్ఫరెన్స్: మధ్యలో ఉన్నది ఎవరు?

వీడియోలో కలుసుకునే జూమ్ యాప్ సురక్షితమైన వేదిక కాదని, అధికారిక పనులకు ప్రభుత్వోద్యోగులు దాన్ని వాడరాదని 2020 ఏప్రిల్ 16న కేంద్ర హోంశాఖ హెచ్చరించింది. లాక్‌డౌన్‌లో పాఠాలు, విచారణలు, డాక్టరు సలహాలు అన్నీ తెర మీదికి చేరిన రోజులవి. మన మాట అవతలివారిని చేరేలోగా ఎవరి చేతుల్లోంచి వెళుతోందన్న అనుమానం చాలామందికి అప్పుడే కలిగింది. కానీ ఆ చిక్కు దశాబ్దాల నాటిది. వీడియోలోని బొమ్మను పంపాలంటే బోలెడంత సమాచారం పంపాలి; బొమ్మ అంత బరువైనది కావడమే దానికి మూలం.

అమెరికాలో ఏటీ అండ్ టీ సంస్థ 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో మాట్లాడేవారి బొమ్మ కనిపించే పిక్చర్‌ఫోన్‌ను జనానికి చూపించింది. 1970లో పిట్స్‌బర్గ్‌లో నెలకు 160 డాలర్ల అద్దెతో సేవ మొదలుపెట్టింది. అది నిలదొక్కుకోలేదు. కెమెరా, తెర రెండూ ఉన్నాయి. బొమ్మను మోసే దారే ఖరీదైనది. మామూలు ఫోనుకు ఒక జత తీగలు సరిపోతే దీనికి మూడు జతలు కావలసి వచ్చేవి.

ఆ బరువు దించిన గణితం వెనుక మనవాళ్లున్నారు. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఉండాలని నా కోరిక. బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్ కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ 1972లో అక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను నిధులు అడిగారు. వాళ్లు ఇవ్వలేదు. ఆలోచన మరీ తేలికగా ఉందని ఒక పరిశీలకుడు అన్నట్టు ఆయనే తర్వాత రాసుకున్నారు. అయినా ఆయన వదిలిపెట్టలేదు. టి. నటరాజన్, కమిశెట్టి రామమోహనరావులతో కలిసి 1974 జనవరిలో డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అనే గణిత పద్ధతి మీద పత్రాన్ని ప్రచురించారు. దాన్ని వీడియోకు వాడేటప్పుడు బొమ్మను ఎనిమిదేసి చుక్కల (పిక్సెళ్ల) చదరాలుగా కోస్తారు. ప్రతి చదరంలోనూ వెలుగునీడలు మెల్లగా మారే భాగం ఒకవైపు, చురుగ్గా మారే భాగం ఒకవైపు తేలతాయి. చురుగ్గా మారే భాగంలో కంటికి అంతగా ఆనని సన్నటి వివరాలను వదిలేయవచ్చు. దీనికి తోడు, క్రితం ఫ్రేముకూ ఇప్పటి ఫ్రేముకూ మధ్య మారినదాన్ని మాత్రమే పంపుతారు. మాట్లాడే మనిషి పెదవులు కదులుతాయి గానీ వెనకున్న గోడ కదలదు కదా.

1990లో ఖరారైన హెచ్.261 అనే వీడియో కుదింపు ప్రమాణం ఈ రెండు పద్ధతులనూ కలిపింది. 352×288 చుక్కల బొమ్మను సెకనుకు 30 సార్లు యథాతథంగా పంపాలంటే సెకనుకు సుమారు 36 మెగాబిట్లు కావాలి. అప్పటి డిజిటల్ ఫోను లైన్లయిన ఐఎస్‌డీఎన్ ఛానళ్లు ఆరు కలిపినా దొరికేది 384 కిలోబిట్లే. అంటే దాదాపు వందో వంతుకు కుదించాలి. అది సాధ్యమయ్యాక పెద్ద సంస్థల హాళ్లలో రూమ్ సిస్టమ్‌లు, అంటే గదిలోనే అమర్చిన వీడియో సమావేశ ఏర్పాట్లు, విస్తరించాయి. ముగ్గురు నలుగురు కలవాలంటే మధ్యలో ఎంసీయూ అనే యంత్రం ఉండేది. అది అందరి వీడియోనూ విప్పి, ఒకే తెరగా పేర్చి, మళ్లీ కుదించి పంపేది. యంత్రం సొంతం, లైను అద్దెది కాబట్టి అది అన్నీ చూస్తోందని ఎవరూ కలవరపడలేదు. 1996లో హెచ్.323 అనే మరో ప్రమాణం వచ్చి ఈ వ్యవస్థను ఇంటర్నెట్ తరహా నెట్‌వర్కుల మీదికి తెచ్చింది.

మధ్యవర్తి లేకుండా నేరుగా కలిసే పద్ధతీ ఉంది. ఇద్దరికైతే అది చక్కగా పనిచేస్తుంది. పదిమంది చేరితే ప్రతి ఒక్కరూ తమ వీడియోను తొమ్మిదిసార్లు పంపాలి. ఇంటి కనెక్షన్ అంత మోయలేదు. 2011లో గూగుల్ అందరికీ విడుదల చేసిన వెబ్‌ఆర్‌టీసీ అనే సాంకేతికత బ్రౌజరునే ఫోనుగా మార్చాక ఎస్‌ఎఫ్‌యూ అనే మరో తరహా సర్వరు విస్తరించింది. ఎంసీయూ ఉత్తరం విప్పి తిరగరాసే గుమస్తా అయితే, ఎస్‌ఎఫ్‌యూ చిరునామా చూసి అందించే పోస్ట్‌మ్యాన్. మనం రెండు మూడు నాణ్యతల్లో పంపితే, ఎవరి నెట్ ఎంత మోయగలదో చూసి తగినదాన్ని వారికి ఇస్తుంది. దీనికి బొమ్మ చూడవలసిన పని లేదు. కాబట్టి వీడియోకు రహస్య తాళం వేసి, దాన్ని విప్పే తాళంచెవి మాట్లాడుకునేవారి దగ్గరే ఉంచవచ్చు.

ఉంచవచ్చు గానీ ఉంచలేదు. జూమ్‌లో తాళంచెవులు కంపెనీ సర్వర్ల చేతిలో ఉండేవి. ప్రచారంలో మాత్రం ఈ చివరి నుంచి ఆ చివరి వరకు రక్షణ (ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్) అని చెప్పుకున్నారు. రోజువారీ హాజరు 2019 డిసెంబరులో కోటి ఉంటే 2020 ఏప్రిల్‌కు 30 కోట్లకు చేరింది. ఆ ఏడాది అక్టోబరులో గానీ చివరికంటా ఉండే అసలు రక్షణ రాలేదు. ఆ ప్రచారం మీద నవంబరులో అమెరికా ప్రభుత్వ వాణిజ్య పర్యవేక్షణ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో కంపెనీ రాజీ కుదుర్చుకుంది. ఈలోగా కేంద్రం స్వదేశీ వేదిక కోసం పోటీ పెడితే కేరళలోని ఆలప్పుళకు చెందిన టెక్‌జెంట్సియా సంస్థ కోటి రూపాయలు గెలుచుకుంది.

ఆ రక్షణ పెట్టుకుంటే జూమ్‌లో క్లౌడ్ రికార్డింగు పనిచేయదు. మామూలు ఫోను నుంచి చేరడం కుదరదు. సర్వరు వినకపోతే ఆ పనులు చేయలేదు మరి. డాక్టరుతోనో లాయరుతోనో మాట్లాడేటప్పుడు ఆ సౌకర్యాలు వదులుకోవడమే సరైనదని నా నమ్మకం. అయితే ఆ మీట దానంతటది పడి ఉండదు. సమావేశం పెట్టేవారే ముందుగా వేయాలి.