సిగరెట్ హెచ్చరికలోకి గుండె ఆలస్యంగా ఎందుకొచ్చింది?

పొగతాగితే ఏమవుతుందని అడిగితే ఎక్కువమంది ముందుగా చెప్పేది కేన్సర్. గుండెపోటు మాట ఎత్తేవాళ్లు తక్కువ. చైనాలో 60 శాతానికి పైగా జనానికి పొగతాగడం వల్ల గుండెపోటు రావచ్చన్న సంగతే తెలియదని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. సాక్ష్యం లేక ఇలా జరగలేదు.

1940లోనే అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు పొగాకుకూ కరోనరీ జబ్బుకూ (గుండెకు రక్తం అందించే నాళాల జబ్బు) ఉన్న సంబంధం గురించి రాశారు. 1958లో హామండ్, హార్న్ అనే పరిశోధకులు 1,87,783 మంది మగవారిని 44 నెలలపాటు గమనించి ఫలితాలు ప్రకటించారు. పొగతాగేవారిలో అదనంగా సంభవించిన మరణాల్లో సగానికి పైగా కరోనరీ జబ్బువే. ఊపిరితిత్తుల కేన్సర్ వాటా అందులో నాలుగో వంతు కూడా లేదు.

అయినా 1964లో అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య ప్రధాన వైద్యాధికారి అయిన సర్జన్ జనరల్ నివేదిక వచ్చేసరికి కేన్సరే ముందుకొచ్చింది. మగవారిలో ఊపిరితిత్తుల కేన్సర్‌కు సిగరెట్ కారణమని నివేదిక తేల్చి చెప్పింది. కరోనరీ మరణాలు పొగతాగేవారిలో 70 శాతం ఎక్కువని ఒప్పుకుంటూనే, కారణం సిగరెట్టేనని మాత్రం తేల్చలేదు. రక్తపోటు, కొలెస్ట్రాల్ లాంటి ఇతర కారణాలూ ఉండటంతో శాస్త్రవేత్తలు ఆచితూచి మాట్లాడారు.

ఆ నివేదిక లెక్కలో పొగతాగే మగవారికి ఊపిరితిత్తుల కేన్సర్ ముప్పు తొమ్మిది, పదింతలు. గుండెది 70 శాతమే. వినగానే రెండోది చిన్నదనిపిస్తుంది. తిరకాసంతా ఇక్కడే ఉంది. ఒక జబ్బుతో లక్షలో 10 మంది చనిపోతారనుకుందాం. అది పదింతలైతే అదనంగా పోయేది 90 మంది. లక్షలో 500 మందిని తీసుకుపోయే జబ్బు 70 శాతం పెరిగితే అదనంగా 350 మంది పోతారు. గుండెజబ్బు ఈ రెండో రకం.

అమెరికాలో 1965 చట్టంతో పెట్టెలపై మొదటి హెచ్చరిక వచ్చింది. అందులో ఏ జబ్బు పేరూ లేదు, ఆరోగ్యానికి హానికరం కావచ్చు అని మాత్రమే ఉంది. గుండెజబ్బు పేరు పెట్టె మీదికి చేరడానికి 1984 నాటి చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఆలస్యానికి చెల్లించిన మూల్యం చాలా పెద్దది.

కేన్సర్ ఒక్కటే మనసులో నాటుకోవడం వల్ల ‘తగ్గించి తాగితే చాలు’ అన్న నమ్మకం కూడా పాతుకుపోయింది. గుండె విషయంలో ఆ లెక్క కుదరదు. రోజుకు 20 సిగరెట్లు తాగేవారికి ఉండే అదనపు ముప్పులో, ఒక్కటే తాగే మగవారికి సగానికి దగ్గరగా, ఆడవారికి మూడో వంతుకు దగ్గరగా ఉంటుందని 2018లో వెలువడిన ఒక విశ్లేషణ చూపింది. కొద్దిపాటి పొగకే రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది, రక్తాన్ని గడ్డకట్టించే కణాలైన ప్లేట్‌లెట్లు అతుక్కునే గుణం పెరుగుతుంది, నాళాల్లో రక్తం గడ్డ కట్టడం తేలికవుతుంది. నికోటిన్ గుండె వేగాన్ని పెంచుతుంది. అదే సమయంలో కార్బన్ మోనాక్సైడ్ హిమోగ్లోబిన్‌కు అతుక్కుని ఆక్సిజన్ అందకుండా చేస్తుంది. అంటే పని పెరిగిన గుండెకు ఆక్సిజన్ తగ్గుతుందన్నమాట. పక్కవారి పొగ పీల్చేవారిలోనూ కరోనరీ ముప్పు 25 నుంచి 30 శాతం ఎక్కువ.

అందుకే 20 నుంచి ఐదుకు తగ్గించుకున్నవారికి గుండె విషయంలో దక్కే లాభం వాళ్లు ఊహించినంత ఉండదు. పూర్తిగా మానేస్తే మాత్రం ఏడాదిలోనే ఆ అదనపు ముప్పు సుమారు సగానికి పడిపోతుంది.