తవ్విన చోటును తిరిగి నింపడం

పిల్లలూ,

ఆశీస్సులు. భూగర్భ గనిలో ఖనిజం తీసేశాక ఆ ఖాళీ ఏమవుతుందని అడిగారు. మంచి ప్రశ్న. గని అంటే తవ్వడమే అనుకుంటారు చాలామంది. నా దృష్టిలో తవ్వడం సగం పనే, నింపడం మిగతా సగం.

ఖనిజం తీసిన పెద్ద గదిని స్టోప్ అంటారు. పదుల మీటర్ల ఎత్తున్నవీ ఉంటాయి. ఖాళీగా వదిలేస్తే చుట్టూ ఉన్న రాయి కూలకుండా మంచి ఖనిజాన్నే స్తంభాలుగా వదులుకోవాలి. గట్టిపడే ముద్దతో నింపితే ఆ ముద్దే గోడగా నిలుస్తుంది. పక్క స్టోపునూ తవ్వుకోవచ్చు.

ముద్దకు ముడిసరుకు గనిలోనే దొరుకుతుంది. మిల్లులో రాయిని పొడి చేసి లోహపు భాగాన్ని వేరుచేశాక మిగిలే బురదే టైలింగ్స్. దాన్ని థిక్కెనర్ అనే పెద్ద తొట్టిలో చిక్కబరచి, ఫిల్టర్లతో ఇంకా నీరు లాగేసి, సిమెంటు కలుపుతారు. సిమెంటు సాధారణంగా 3 నుంచి 7 శాతం. కొంత సిమెంటు బదులు స్లాగ్ (లోహం కరిగించినప్పుడు మిగిలే చిట్టెం) గానీ ఫ్లై యాష్ (బొగ్గు కాల్చగా వచ్చే సన్నని బూడిద) గానీ వాడతారు. 1970ల చివర్లో జర్మనీలోని బాడ్ గ్రుండ్ గనిలో ఈ పద్ధతి మొదలైంది.

అసలు మెలకువంతా నీటిలో ఉంది. ఈ ముద్దనే పేస్ట్ అంటారు. అందులో బరువు లెక్కన 70 నుంచి 85 శాతం దాకా ఘనపదార్థమే. ఆ ఘనపదార్థంలో కనీసం 15 శాతం 20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే సన్నని రేణువులు ఉండాలి. నీటిని పట్టి ఉంచేది అవే. అందుకే పైపులో ప్రవాహం ఆగినా పేస్ట్‌లో ఇసుక అడుగుకు చేరదు, నీరు పైకి తేలదు. టూత్‌పేస్ట్‌లా, నొక్కితే కదులుతుంది, వదిలేస్తే నిలుస్తుంది. నీరు ఒకటి రెండు శాతం మారినా దాని నడక మారిపోతుంది. అందుకే ఆపరేటర్లు మిక్సర్ మోటారు ఎంత కరెంటు లాగుతోందో కనిపెడుతూ ఉంటారు. పేస్ట్ చిక్కబడితే మోటారు మీద భారం పెరుగుతుంది.

ఉపరితలం నుంచి కిందికి బోరు వేసి, పైపుల్లో పంపుతారు. లోతు చాలినచోట సొంత బరువుతోనే దిగుతుంది. దూరం ఎక్కువైతే పిస్టన్ పంపులు నెడతాయి. పని ఆగితే సిమెంటు పైపులోనే గట్టిపడుతుంది కాబట్టి వెంటనే నీళ్లతో కడగాలి. ఆ నీళ్లు స్టోపులో పడితే పేస్ట్ పలచబడి బలం తగ్గుతుంది. వీలైనంత వరకు వాటిని పక్కకు మళ్లించాలి.

ఇప్పుడు నన్ను అన్నిటికన్నా కలవరపెట్టే విషయం. స్టోపు అడుగున ఖనిజం బయటికి తీసిన దారికి అడ్డుగోడ కడతారు. దాన్నే బ్యారికేడ్ అంటారు. తడి పేస్ట్ ఒక్కో మీటరు ఎత్తుకు చదరపు మీటరు మీద సుమారు రెండు టన్నుల ఒత్తిడి తెస్తుంది. అంటే పది మీటర్లు ఒక్కసారిగా పోస్తే ఇరవై టన్నులు! గోడ పగిలితే ముద్ద సొరంగాల్లోకి దూసుకొస్తుంది. అందుకే సాధారణంగా మొదట ఆ దారి పైఅంచు దాటేవరకు మాత్రమే పోసి, గట్టిపడనిచ్చి, ఆపైన మిగతాది పోస్తారు. ఆ నిరీక్షణను తగ్గించాలని ఎవరు తొందరపెట్టినా వినకూడదని నా గట్టి నమ్మకం.

ఇలా స్టోపులను నింపడంవల్ల ఉపరితలం మీద నిల్వచేసే బురదా తగ్గుతుంది. 2019 జనవరి 25న బ్రెజిల్‌లోని బ్రుమాదిన్యోలో అలాంటి బురదను నిలిపి ఉంచిన టైలింగ్స్ ఆనకట్ట తెగి 270 మంది చనిపోయారు. అయితే బురదంతా తిరిగి లోపల పట్టదు. పొడి చేసిన రాయి మునుపటికన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది మరి.

పోసిన పేస్ట్ నమూనాలను చిన్న అచ్చుల్లో తీసి 7, 28 రోజులకు నొక్కి చూస్తారు. టైలింగ్స్‌లో గంధకపు ఖనిజాలుంటే వాటి నుంచి పుట్టే సల్ఫేట్లు సిమెంటును తినేస్తాయి, మొదట వచ్చిన బలం తర్వాత తగ్గవచ్చు. అలాంటి చోట నెలల తరబడి పరీక్షిస్తూనే ఉండాలి. అనుకున్న బలం వచ్చిందని తేలాకే పక్క స్టోపులో పేలుళ్లకు అనుమతి.

ఇట్లు,
మీ తాతయ్య